రెండో చదువరి

ఎల్స్‌పా ఇప్పటిదాకా మా ఊళ్ళో పదిహేడుమందిని చంపింది. నన్నయితే రెండుసార్లు. మొదటిసారి నా రంపం కిందే పడి పోయాను. రెండోసారి మా వదిన వండిన చేప తలకాయలో ముల్లు గొంతులో దిగి పోయాను. కథల్లోనే లెండి. మొదటి చావు బాగా కుదిరింది. రెండోదాని మూలంగా మా వదిన ఏడాదిపాటు ఎల్స్‌పా ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయేది. నాకు మాత్రం చేప తలకాయ పెట్టడం మానలేదు.

మా దీవి ఊరు హెల్లువీక్, జనాభా నాలుగువందల పన్నెండు. ఇలాంటి ఊళ్ళో మారుపేరుతో రాయడం అయ్యే పని కాదు. ఎల్స్‌పా మొదట్లో ఆ ప్రయత్నమూ చేసింది. 'ఉత్తరపు వితంతువు' అని పేరు పెట్టుకుని వారపత్రికకు ఒక కథ పంపింది. అందులో ఒక కొట్టువాడు తన జున్ను గదిలో ఇరుక్కుపోయి, ముప్ఫై రోజులు జున్ను తిని బతికి, తలుపు తీసిన రోజున గుండె ఆగి పోతాడు. పత్రిక మంగళవారం వచ్చింది. గురువారం కొట్టు పౌల్ ఆమెకు పాలు అందిస్తూ, "కథ బాగుంది గానీ అమ్మా, నా జున్ను గది తలుపు లోపలినుంచి కూడా తెరుచుకుంటుంది" అన్నాడు. అప్పటినుంచి ఆమె సొంత పేరుతోనే రాస్తోంది. పౌల్ ఆ కథ కత్తిరించి గల్లాపెట్టె వెనక గోడకు అంటించుకున్నాడు.

వింతేమిటంటే చచ్చినవాళ్ళు పెద్దగా బాధపడరు. చావనివాళ్ళకే బాధ. చర్చి పాటల బృందాన్ని నడిపే యాస్పర్ ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. దారిలో కనిపించినప్పుడల్లా ఎత్తయిన కొండ అంచుల గురించీ, పాత మెట్ల గురించీ ఆమెకు వివరంగా చెబుతుంటాడు. పాస్టరు గారిని చంపింది గానీ, చివర్లో ప్రార్థన చేసుకునే వ్యవధి ఇవ్వలేదని ఆయన నొచ్చుకున్నారు. తర్వాతి పుస్తకంలో ఆయన్ని మళ్ళీ చంపి, ఈసారి పావుపేజీ ప్రార్థన పెట్టింది.

ఆమె రాసే తీరు వేరు. రక్తం ఎక్కువ ఉండదు, అరుపులు అసలే ఉండవు. ఆఫీసు నివేదికలా ఉంటుంది. ఒక కథలో గొర్రెల కాపరి ఒకడు మధ్యాహ్నం రేడియోలో చావు కబుర్లు వింటుంటే తన పేరు చదువుతారు. పొరపాటు జరిగిందని ఫోన్ చేస్తాడు. ఈ జాబితాను ఇద్దరు మనుషులు విడివిడిగా సరిచూశారనీ, ఇద్దరికీ ఒకటే తేలిందనీ అవతలివాళ్ళు మర్యాదగా చెబుతారు. కాపరి కాసేపు ఆలోచించి, గొర్రెలకు నీళ్ళు పెట్టి, వెళ్ళి పడుకుంటాడు. అంతే కథ. మా ఊళ్ళో సగంమంది ఆ వారం మధ్యాహ్నం రేడియో కట్టేశారు.

ఇద్దరు విడివిడిగా సరిచూడడమన్న ముక్క ఆమె ఊహించి రాసింది కాదు. మా ఉద్యోగమే అది.

రేవు పక్కన చేపల పరిశోధనశాలలో మేం మొత్తం ఐదుగురం. కాడ్ చేప తలలో, చెవి దగ్గర, చిక్కుడు గింజంత రాయి ఒకటి ఉంటుంది. చెట్టు మానులో పడ్డట్టే ఆ రాయిలోనూ ఏడాదికో వలయం పడుతుంది. ఆ రాళ్ళను జిగురులో పోతపోసి, రంపంతో పల్చటి బిళ్ళలుగా కొయ్యడం నా పని. అందుకే నన్ను రంపం హోగ్ని అంటారు. ఆ బిళ్ళలను మైక్రోస్కోపు కింద పెట్టి, వలయాలు లెక్కపెట్టి, చేప వయసు రాయడం ఎల్స్‌పా పని. దీన్ని మేం చదవడం అంటాం.

ప్రతి రాయినీ ఇద్దరు చదవాలి. మొదటి చదువరి ఎల్స్‌పా. రెండో చదువరి డాన్యల్ మాస్టారు. ఇద్దరివీ వేరువేరు గదులు. ఒకరు రాసిన అంకె ఇంకొకరు చూడకూడదు, కాఫీ దగ్గర కూడా రాళ్ళ ప్రసక్తి తేకూడదు. ఎవరి కాగితం వాళ్ళ సొరుగులో పెట్టుకుంటారు. శుక్రవారం నేను రెండు సొరుగుల్లోంచి కాగితాలు తీసి కంప్యూటర్లోకి ఎక్కించి, వందలో ఎన్ని కలిశాయో చూస్తాను. తొంభై కలిస్తే గొప్ప. మిగతా పదింట్లోనూ తేడా ఒక ఏడాదే ఉంటుంది. ఒకరు ఆరంటారు, ఒకరు ఏడంటారు. ఒకటి తేడాకి ఎవరూ ఏమీ అనుకోరు. ఎవరి కళ్ళతో వాళ్ళు చదివారనడానికి అదే గుర్తు.

వరసగా రెండు నెలలు ఎనభైకి తగ్గితే మాత్రం ఊరుకోరు. ఎవరి కళ్ళు తప్పుతున్నాయో పరీక్ష పెట్టి తేలుస్తారు. నడవాలో చదువరుల పేర్ల పలక ఒకటుంది. అందులోంచి వాళ్ళ పేరు తీసేస్తారు. ఆ తర్వాత మైక్రోస్కోపు ముట్టుకోవడానికి లేదు.

ఆ పలక మీద డాన్యల్ మాస్టారి పేరు నలభై ఒక్క ఏళ్ళుగా ఉంది. ఎల్స్‌పాకూ నాకూ పని నేర్పింది ఆయనే, అందుకే మాకు మాస్టారయ్యారు. మాట తక్కువ మనిషి. భార్య మాల్వీన్ పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు. ఆదివారాలు కూడా ఏదో వంకన వచ్చి గదిలో కూర్చునేవారు. పదవీ విరమణకి పందొమ్మిది నెలలుంది. ఆ ఊసు ఎవరైనా ఎత్తితే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వాతావరణం చూసేవారు. ఆ కిటికీలోంచి కనిపించేది గోడే.

ఎల్స్‌పా కథలకు కూడా ఆయనే రెండో చదువరి. ఇది ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు, ఎందుకంటే మొదటి కవరు మోసినవాణ్ణి నేనే. ఆమె కథ ముగించి, ఎవరు చస్తారో చదివేవాడికి ఏ పేజీలో తెలియాలో ఒక చీటీ మీద అంకె రాసి నా చేతికిచ్చేది. మాస్టారు కథ చదివి, తనకు ఏ పేజీలో తెలిసిందో ఇంకో చీటీ మీద రాసేవారు. రెండు చీటీలూ నేను విప్పేవాణ్ణి. అంకెలు కలిసినా, ఒకటి తేడా వచ్చినా కథ పత్రికకు వెళ్ళేది. అంతకు మించితే చిత్తుబుట్టే. బాగుందనో బాగాలేదనో ఆయన ఏనాడూ ఒక్క ముక్క అన్లేదు. ఇరవై ఏడేళ్ళు అలా నడిచింది. ఆ అంకె లేకపోతే తను రాయనే రాయనని ఎల్స్‌పా నాతో రెండుసార్లు అంది. రెండుసార్లూ తాగకుండానే అంది.

ఆమె మాస్టార్ని ఎప్పుడూ చంపలేదు. ఏడాదికోసారి, మాంసం ఎండబెట్టే కొట్టం దగ్గర అందరం చేరి కొత్త మాంసం కోసుకు తింటున్నప్పుడు, ఆయనే అడిగేవారు.

"అందర్నీ చంపావు. నాకేం తక్కువ అమ్మాయ్?"

"మీరు చస్తే చదివేదెవరు మాస్టారూ?" అనేది ఆమె. ఆయన బుర్ర ఊపి ఇంకో ముక్క కోసుకునేవారు.

సరే, అసలు సంగతికి వస్తాను. నిరుడు మార్చిలో వందకి తొంభై ఒకటి కలిశాయి. ఏప్రిల్లో ఎనభై నాలుగు. మే నెలలో డెబ్భై ఎనిమిది. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్పెవరిదో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ముసలి చేపల్లో అంచు వలయాలు దగ్గరదగ్గరగా పడతాయి. అవి మాస్టారి కంటికి ఆనడం లేదు. పదేళ్ళ చేపను ఏడేళ్ళదని రాస్తున్నారు.

ఎల్స్‌పాకు నాకంటే ముందే తెలుసు. ఏప్రిల్లో ఆమె ఇచ్చిన కథకు మాస్టారు పద్నాలుగు అని చీటీ రాశారు. ఆ కథ పదకొండు పేజీలే. ఆ చీటీ చూసి ఆమె మడిచి జేబులో పెట్టుకుంది. కథను చిత్తుబుట్టలోనూ వెయ్యలేదు, పత్రికకూ పంపలేదు.

మే నెల అంకె మా అధికారిణి తూరి చూసింది. తూరి మా అందరికంటే చిన్నది, మంచిది, నియమం అంటే నియమమే అనే రకం. జూన్ కూడా ఇలాగే ఉంటే పరీక్ష పెట్టక తప్పదని నాతో అంది. ఆ మాట నేను ఎల్స్‌పాకు చేరవేశాను. చేరవెయ్యకుండా ఉంటే ఈ కథే లేదు.

జూన్‌లో ఎనభై ఆరు కలిశాయి. నా గుండె కాస్త కుదుటపడింది. జులైలో తొంభై ఆరు. ఆగస్టు ఆఖరి శుక్రవారం కంప్యూటర్ నూరు చూపించింది. వందకి వంద. నేను లేచి కాఫీ పెట్టుకుని, సగం తాగి, అప్పుడు భయపడ్డాను.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో వందకి వంద నేను చూడలేదు. ఎవరూ చూసి ఉండరు. ఒకే మనిషి ఒకే రాయిని సోమవారం ఒకసారీ గురువారం ఒకసారీ చదివినా వందకి వంద కలవదు. మాస్టారి సొరుగుకు తాళం ఉండదు. మా దగ్గర ఏ సొరుగుకూ ఉండదు, దొంగలుంటారని ఎవరికీ తోచలేదు.

ఎల్స్‌పాను కొట్టం వెనక్కి పిలిచాను. పొగమంచు దట్టంగా ఉంది, రేవు కనిపించడం లేదు. పిలిచేసరికే ఆమె మొహం తేలుకుట్టిన దొంగలా ఉంది.

"ఎన్నాళ్ళుగా?" అని అడిగాను.

"జూన్ రెండో వారం నుంచి. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు చూసి రాస్తున్నాను."

"ఆయన అంకె దిద్ది నీదానికి కలిపినా లెక్కన్నా నిజంగా ఉండేది కదా. నీ అంకె మార్చి ఆయన తప్పుకి కలిపావా?"

"ఆయన కాగితం మీద చెయ్యి వెయ్యడం నా వల్ల కాలేదు," అంది. "నా కాగితం నాది."

నాకు ఒళ్ళు మండింది. మా అన్నకు పడవ ఉంది. మేమిచ్చే వయసుల లెక్కమీదే ఏడాదికి ఎన్ని రోజులు వేటకు వెళ్ళాలో తేలుస్తారు. ఇద్దరు చదువరులూ పదేళ్ళ చేపలన్నిటినీ ఏడేళ్ళవని రాస్తే, సముద్రంలో ముసలి చేపలే మిగల్లేదని అర్థం. అప్పుడు మా అన్న పడవ రేవులోనే కట్టేసి ఉంటుంది. ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమెకు తెలియనిదేమీ అందులో లేదు. ఆ కోపంలో ఇంకో మాట కూడా అన్నాను.

"పదిహేడుమందిని చంపి ఊరంతా నమ్మేలా రాశావు. ఒక్క అబద్ధం సరిగా రాయలేకపోయావా? పదిచోట్ల ఒకటి తేడా పెట్టి ఉంటే ఎవడికీ తెలిసేది కాదు."

ఆమె నిజంగానే ఆలోచించింది. "తోచలేదు," అంది. "లెక్కలో ఎప్పుడూ కల్పించలేదు కదా. ఎలా చెయ్యాలో తెలియలేదు."

అది విన్నాక నాకు తిట్టే ఓపిక పోయింది. సెప్టెంబరు నెలాఖరుకు అంకెలు పైకి వెళ్ళాలి. సోమవారం లోపల తూరికి నువ్వు చెప్పు, లేకపోతే నేను చెబుతానన్నాను. ఆమె తల ఊపింది. చెబితే తన ఉద్యోగం ఏమవుతుందని అడగలేదు. మాస్టారి కుర్చీ పోతుందని మాత్రం రెండుసార్లు అంది. తన చేత్తో ఆ కుర్చీ లాగెయ్యడం అవుతుందనీ, ఆ తర్వాత ఆయన మొహం ఎలా చూడాలనీ అంది. నాకూ ఆయన మాస్టారే. నా నోటితో చెప్పడం నాకూ ఇష్టం లేదు.

శనివారం పొద్దున ఆమె నాకు ఒక కవరు, మడిచిన చీటీ ఇచ్చింది. కథ. నాకు మండుకొచ్చినా తీసుకున్నాను, మాస్టారికి అందించాను. ఆయన కవరు తడిమి చూసి, "తొమ్మిది పేజీలు" అన్నారు. ఎన్ని పేజీలో ఆయన అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కథలో ఒక దీవి, అందులో చేపల చెవిరాళ్ళు చదివే ఇద్దరు. ఒకరికి చూపు తగ్గుతుంటుంది. రెండోది చేపల వయసు ఆ చూపుకు సరిపోయేలా సర్దుతూ పోతుంది. కొన్నాళ్ళకు సముద్రం కూడా ఆ లెక్కకు సర్దుకుంటుంది. వలలో పడిన ప్రతి చేపకూ ఏడేళ్ళే, అన్నిటికీ ఒకే పొడవు, ఒకే మొహం. తర్వాత ఊళ్ళో మనుషులూ అలాగే అవుతారు. బడిలో అందరూ ఏడో ఏటి పిల్లలే, పడవలు నడిపేవాడు ఉండడు. చివరికి వల విసిరేవాళ్ళు లేక ఊరు ఆకలితో పోతుంది, ఒక్కొక్కరే కాదు, అందరూ ఒకే పూట, ఒకే వయసులో. ఎవరు చస్తారో తెలియాల్సిన పేజీ ఎల్స్‌పా చీటీలో ఎనిమిది అని ఉంది.

సోమవారం పొద్దున మాస్టారు మమ్మల్నిద్దర్నీ తన గదికి పిలిచారు. చీటీ నా చేతికిచ్చారు. విప్పాను. ఒకటి అని ఉంది.

"మొదటి పేజీలోనే తెలిసిపోయిందా మాస్టారూ?" అంది ఎల్స్‌పా.

"మొదటి పేజీ దాకా కూడా అక్కర్లేదు," అన్నారాయన. సొరుగులోంచి ఒక కాగితం తీసి, కంటికి రెండంగుళాల దూరంలో పెట్టుకున్నారు. "జులై ఇరవై మూడు. పద్దెనిమిదో రాయి. చేప పొడవు ముప్ఫై సెంటీమీటర్లు. రెండేళ్ళ పిల్ల. నేను తొమ్మిదేళ్ళని రాశాను. నువ్వేం రాశావు అమ్మాయ్?"

ఆమె కూడా ఆ రోజు తొమ్మిది అని రాసింది.

"ఒరే హోగ్ని, నువ్వేం చేశావు?"

నేను రెండు తొమ్మిదులూ కంప్యూటర్లోకి ఎక్కించాను. పక్కనే పొడవు గడిలో ముప్ఫై అని ఉంది. అంకెలు కలుస్తున్నాయన్న సంబరంలో చూడనేలేదు. కొట్టం వెనక ఎల్స్‌పాకు నేను చెప్పిన నీతులన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడు.

అలాంటివి ఆయన పదకొండు పెట్టారట. పదకొండింటికి పదకొండూ కలిశాయి.

"నా కళ్ళు బాగుపడవని మే నెలలో డాక్టరు చెప్పాడు," అన్నారు మాస్టారు. "జూన్‌లో నీకూ నాకూ లెక్క బాగా కలిసింది. డాక్టరు మాట, ఆ లెక్క, రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం అవ్వాలి. ఏదో తెలుసుకుందామని ఒక రాయి తప్పు రాశాను. తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని నేనే అడిగాను.

ఆయన మైక్రోస్కోపు తొడుగు సర్దారు. "ఇంకో వారం కూర్చుందామనిపించింది. ఆ వారం అయ్యాక ఇంకో వారం. దొంగతనం నువ్వు చేశావు గానీ అమ్మాయ్, ఆ సొత్తు మీద కూర్చుని తిన్నది నేను."

అప్పుడు ఎల్స్‌పా క్షమించమని అడిగింది. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "నా తప్పు నాకు వదిలెయ్యాల్సింది," అన్నారు. "నలభై ఏళ్ళు చదివినవాడికి తన తప్పు తను చదువుకునే హక్కు ఉంటుంది." కోపంగా అన్లేదు. కోపంగా అని ఉంటే బాగుండేదని తర్వాత ఎల్స్‌పా నాతో అంది.

ఆయనే లేచి, టోపీ పెట్టుకుని, తూరి గదికి వెళ్ళారు. నడవా దాటడానికి టోపీ ఎందుకో నాకు తెలియదు. పావుగంటకు బయటికొచ్చి నన్ను స్క్రూడ్రైవర్ తెమ్మన్నారు. పలక మీద తన పేరు చెక్కిన రేకు తనే విప్పుతానన్నారు. ఎల్స్‌పా సాయం రాబోతే వద్దన్నారు. స్క్రూడ్రైవర్ చివర మరమేకు గాడిలో పడటం లేదు. రెండుసార్లు జారింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని గాడిలో పెట్టాను. అంతవరకే ఒప్పుకున్నారు, మిగతాది తనే తిప్పారు. నాలుగు మేకులూ లెక్కపెట్టుకుని, పేరు రేకుతోబాటు జేబులో వేసుకుని, ఇంటికి వెళ్ళిపోయారు.

తూరి ఎల్స్‌పాను ఉద్యోగంలోంచి తియ్యలేదు. తీస్తే చదివేవాళ్ళుండరు. రాతపూర్వకంగా మందలింపు ఇచ్చింది. రెండో పేరా మొదటి పేరానే మళ్ళీ చెబుతోందని రాసి ఎల్స్‌పా దాన్ని వెనక్కి పంపింది. తూరి చదివి చూసుకుని, నిజమేనని, కుదించి మళ్ళీ ఇచ్చింది. జూన్ నుంచి చదివిన రాళ్ళు వెయ్యీ నూటనలభై. వాటన్నిటినీ ఎల్స్‌పా మళ్ళీ చదివింది, పక్క దీవి నుంచి వచ్చిన ఒక పడుచు పిల్ల రెండో చదువరిగా. వందకి ఎనభై ఎనిమిది కలిశాయి. అంకెలు పదిహేను రోజులు ఆలస్యంగా వెళ్ళాయి, కానీ నిజంగా వెళ్ళాయి. మా అన్న పడవ కూడా వేటకు వెళ్ళింది.

ఎల్స్‌పా ఆ చలికాలమంతా ఏమీ రాయలేదు. యాస్పర్ రెండుసార్లు వచ్చి నా దగ్గర వాకబు చేశాడు. ఈమధ్య ఊళ్ళో ఎవరూ చావడం లేదు, ఏమిటి సంగతి అని పాస్టరు గారు కూడా అడిగారు. ఆ వారమే ఆయన ఇద్దర్ని నిజంగానే పాతిపెట్టారు.

ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చి, రంపం ఆపమంది. చేతిలో కాగితాలున్నాయి. మాస్టారి ఇంటికి వెళదాం, చీటీలు విప్పడానికి నువ్వుండాలి అంది. ఆయనకిప్పుడు మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు. ఎలా చదువుతారని అడిగాను. నేను చదువుతాను, ఆయన వింటారు అంది. వెళ్ళడానికి ఆమెకు ఐదు నెలలు పట్టింది.

మాస్టారు తలుపు తీసి, అడుగుల చప్పుడు విని, "ఇద్దరు" అన్నారు. కాఫీ ఆయనే పెట్టారు. కప్పు అంచున వేలు పెట్టి, వేడి తగిలినప్పుడు ఆపారు. రొట్టె మీద పుల్లటి రేవల్చిన్ని కాడల మురబ్బా రాసి మాకు ఇచ్చారు. కిటికీ గట్టు మీద ఆ పేరు రేకూ, నాలుగు మేకులూ ఉన్నాయి. ఎల్స్‌పా వాటిని చూసి ఇటు తిరిగి కూర్చుంది. తన చీటీ మడిచి నా ముందు పెట్టి చదవడం మొదలెట్టింది.

కథలో ఒక ముసలి చదువరి చచ్చిపోతాడు. ఎలా పోయాడో ఒక్క వాక్యమే, కుర్చీలో, భోజనానికి ముందు. ఊరి నియమం ప్రకారం చావు నమోదు చెయ్యాలంటే వయసు రాయాలి. వయసు రాయాలంటే చెవిరాయి చదవాలి. మొదటి చదువరి రాయి తీసి చదువుతుంది. అరవై ఆరు. కానీ ఏ వయసునైనా ఇద్దరు చదవాలి కదా. రెండో చదువరి ఎవరంటే చచ్చిపోయిన ఆయనే. ఇంకొకరు ఆ ఊళ్ళో లేరు. ఒక్కరు చదివింది చెల్లదని గుమాస్తా కాగితం వెనక్కి ఇచ్చేస్తాడు. పాస్టరు పాతిపెట్టనంటాడు, రేడియో పేరు చదవనంటుంది. చేసేది లేక ఆయన్ని కుర్చీలో మళ్ళీ కూర్చోబెడతారు. రెండో చదువరి దొరికేదాకా ఆయన రోజూ పొద్దున వచ్చి కూర్చుని, సాయంత్రం ఇంటికి వెళుతుంటాడు.

ఆమె పేజీ తిప్పినప్పుడల్లా మాస్టారు బల్ల మీద ఒక వేలు మడిచి పెడుతున్నారు. మధ్యలో ఒకచోట లావు కలం తీసుకుని చీటీ మీద ఏదో రాశారు. రాశాక కూడా చివరిదాకా కదలకుండా విన్నారు. ఆమె చదవడం ముగించి కాగితాలు సర్దింది. చీటీలు విప్పాను.

ఆమె చీటీలో ఆరు. ఆయన చీటీలో, చీటీ అంతా నిండేంత పెద్దదిగా, ఐదు.

ఎల్స్‌పా ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. చూస్తూ ఏడవడం మొదలెట్టింది. ఇరవై ఏడేళ్ళలో ఆమె ఏడవగా నేను చూడలేదు. మాల్వీన్ గారి అంత్యక్రియల్లో కూడా ఏడవలేదు.

"ఏమొచ్చింది రా?" అన్నారు మాస్టారు.

"ఆమె ఆరు, మీరు ఐదు," అన్నాను.

"ఒకటే కదా తేడా. పంపించెయ్యమను." ఆయన ఆమె ఏడుపు వినబడే వైపుకి తిరిగారు. తర్వాత, "అమ్మాయ్, ఇంతకీ ఆ రెండో చదువరి ఎప్పటికి దొరుకుతాడు?" అని అడిగారు.

"దొరకడు మాస్టారూ," అంది ఎల్స్‌పా.

"అయితే కాఫీ ఇంకాస్త పొయ్యి," అన్నారాయన, కప్పు ముందుకు జరుపుతూ.